మూర్తిగారు నోట పెట్టని వెల్లుల్లి

పుప్పాలగూడలో నరసింహమూర్తిగారి ఇంటిని నంబరు చెప్పి కనుక్కోవడం కష్టం. చుట్టూ ఆకాశాన్నంటే మేడలు లేస్తే, వాటి మధ్య ఈ రెండు వందల గజాల ఇల్లు నక్కి కూర్చుని ఉంటుంది. అదే ‘వెల్లుల్లి మూర్తిగారి ఇల్లెక్కడ?’ అని అడగండి, ఇస్త్రీ బండి అతను మొదలు అపార్ట్‌మెంటు వాచ్‌మన్ దాకా ఎవరైనా చూపిస్తారు. ఆ పేరు చెవిన పడితే మూర్తిగారికి ఒళ్ళు పులకరిస్తుంది. ట్రెజరీ ఆఫీసులో ఉద్యోగ జీవితమంతా గడిపినా రాని పేరు, పెరట్లో ఆరేళ్ళు మట్టి పిసికితే వచ్చింది మరి!

ఇందులో చమత్కారం ఏమిటంటే, ఆయన వెల్లుల్లి తినరు. ఆయన తండ్రిగారు తినలేదు, తాతగారు తినలేదు. అమలాపురం దగ్గరి వైదిక కుటుంబం వాళ్ళది. ఊరు వదిలినా, పొలం అమ్ముకున్నా, ఆ నియమం మాత్రం గోదావరి దాటి ఆయన వెంటే హైదరాబాదు వచ్చేసింది.

మరి ఈ పిచ్చి ఎలా పట్టిందంటే, ఒక ఏడు ఆయన గులాబీలకు పేనుబంక పట్టింది. ఎరువు తోలే నర్సయ్య చూసి, “మొక్కల నడుమ ఎల్లిగడ్డ పెట్టు పంతులూ, పురుగు జర దూరం పోతది” అన్నాడు. పెట్టారు. పురుగు పోయిందో లేదో గానీ, మట్టిలోంచి తెల్లగా గడ్డ ఊడివచ్చిన ఆ క్షణం మూర్తిగారిని పట్టుకుని మళ్ళీ వదల్లేదు. ఇక అక్కడి నుంచి ఎవరు ఏ కొండప్రాంతానికి వెళ్తున్నారన్నా, “నాలుగు వెల్లుల్లి గడ్డలు పట్రండి” అని చెప్పి పంపేవారు. ఊదా చారలది ఒకటి, గడ్డంతా ఒకే రెబ్బగా ఉండేది ఒకటి, గుప్పిట్లో పట్టనంతది ఇంకొకటి, ఇలా పెరడంతా నిండిపోయింది. చలిప్రాంతపు రకాలకు నాటే ముందు కొన్ని వారాలు చలి తగలాలి. ఫ్రిజ్‌లో పెట్టబోతే భార్య రత్నమాలగారు, “దేవుడి పాలు పెట్టే చోట అదేమిటండీ!” అని అడ్డుపడ్డారు. దాంతో మేడమెట్ల కింద వెల్లుల్లికి విడిగా ఒక చిన్న ఫ్రిజ్ వెలిసింది.

“ఏంది పంతులూ, తినని దానికి ఫ్రిజ్ గూడనా?” అని నర్సయ్య నవ్వాడు.

“తినేవాడికి ఆత్రం ఉంటుందోయ్. తిననివాడికే దృష్టి ఉంటుంది” అన్నారు మూర్తిగారు. ఆయన ధీమా అటువంటిది.

ఆ దృష్టి ఎటువంటిదో కూడా చెప్పాలి. మార్చి వచ్చి ఆకులు పండుబారగానే గడ్డలు తవ్వి, నీడన ఆరబెట్టేవారు. ఆ తర్వాత ఒక్కో రకంలో ఒక రెబ్బ కోసి ముక్కు దగ్గర పెట్టుకునేవారు. కళ్ళలో నీళ్ళు తెప్పిస్తే అది నాసిరకం. మర్యాదగా, మెత్తగా వాసన వేస్తే మేలురకం. నాసిరకాలన్నీ గులాబీలకు కాపలాగా గోడ వారకు పోయేవి. అలా ఏటేటా వడపోసి చివరికి ఒకే ఒక రకాన్ని నిలబెట్టి, దానికి ‘పుప్పాలగూడ ఊదా’ అని పేరు కూడా పెట్టారు. అబ్బో, అది చూడముచ్చటైన గడ్డ! దసరా వెళ్ళాక గచ్చిబౌలిలో ఒక పార్కులో మిద్దెతోటల వాళ్ళంతా చేరి విత్తనాలు పంచుకుంటారు. అక్కడ ఆయన బుట్ట ముందే జనం మూగేవారు. రుచి ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే, “అద్భుతం!” అనేవారు తడుముకోకుండా. తిన్నవాళ్ళు బాగుందన్నారుగా! పెద్దాయన ఊరికే ఇచ్చినదానికి వంక పెట్టేదెవరు?

పెట్టేవాళ్ళు ఒకరున్నారు. ఈ ఏడు విత్తనాల పంపకానికి ముందురోజు, ఎదుటి అపార్ట్‌మెంటులో కొడుకు దగ్గరుండే సరోజమ్మ గేటు తీసుకుని వచ్చింది. కడప ఆవిడ. మూర్తిగారు వసారాలో కూర్చుని ఊదా గడ్డలను బుట్టకెత్తుతున్నారు.

“సార్, మీరు నొచ్చుకోవద్దు. పోయినేడు మీరిచ్చిన తెల్లగడ్డ కుండీల్లో పెట్టినా. చూసేకి శానా బాగొచ్చింది. దాంతో కారం నూరినా. మిరపకాయ తెలుస్తాంది, ఉప్పు తెలుస్తాంది, తెల్లగడ్డ మాత్రం యాడా లేదు” అంది.

“లేకపోవడమేమిటమ్మా?”

“ముల్లంగి మాదిరి ఉంది సార్. చెప్పొద్దు, పెద్దాయన బాధపడతాడని మా కోడలు ఇన్ని దినాలు ఆపింది. రేపు మళ్ళా అంతమందికి ఇస్తారంట కదా? నెలల తరబడి సాకి, తీరా నోట్లో ఏసుకుంటే ఏమీ లేకపోతే ఎట్ల? మీ పేరే కదా సార్ పోయేది.”

ఆవిడ వెళ్ళాక మూర్తిగారికి ముందు కోపం వచ్చింది. కడప వాళ్ళు నిప్పులు నమిలినా చప్పగా ఉన్నాయంటారని గొణుక్కున్నారు. కాసేపటికి కోపం జారిపోయి భయం మిగిలింది. ఆవిడ మాట నిజమైతే? ఆరేళ్ళ పేరు రేపటితో మట్టిలో కలుస్తుంది. పైగా తనను నమ్మి నాటుకున్నవాళ్ళ పంటకాలం వృథా. నిజం తేల్చాలంటే తినాలి. ఒక రెబ్బ వలిచి పెదాల దాకా తెచ్చారు, చెయ్యి అక్కడే ఆగిపోయింది. తాతగారు గుర్తొచ్చి కాదు. ఎన్నడూ తినని నాలుకకు ఏది ఘాటో ఏది చప్పనో ఎలా తెలుస్తుంది? ఆ సంగతి ఆయనకు అప్పుడే తట్టింది.

“ఆవిడ చెప్పింది నిజమేనండీ. అది చప్పగానే ఉంటుంది” అన్నారు గుమ్మంలో నిలబడ్డ రత్నమాలగారు.

“నీకెలా తెలుసు?”

రత్నమాలగారు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. “ఉద్యోగం చేసే రోజుల్లో మా ఆఫీసులో మధ్యాహ్నం అందరం డబ్బాలు విప్పి కలిసి తినేవాళ్ళం కదా. ఒకరి గోంగూరలో, ఇంకొకరి పప్పు పోపులో, అన్నిట్లోనూ ఉండేది. మొదట మొహమాటానికి తిన్నాను. తర్వాత ఇష్టంగానే తిన్నాను. రిటైరయ్యేదాకా తిన్నాను.”

మూర్తిగారు చేతిలోని రెబ్బను బుట్ట అంచున పెట్టేశారు.

“మీరు వాసన చూసి పక్కన పెట్టిన ముక్కలు కూడా ఏటా నోట్లో వేసుకునేదాన్ని. మీరు మేలురకం అన్నదల్లా చప్పన. నాసిరకం అన్నదే అసలైన వెల్లుల్లి.”

“మరి ఒక్కసారైనా చెప్పలేదేం?”

“చెబితే ఇదిగో, ఇలాగే ‘నీకెలా తెలుసు’ అంటారని. అయినా మీరు నన్ను ఎప్పుడడిగారు?”

పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా! దారినపోయే వాళ్ళందరినీ రుచి ఎలా ఉందని అడిగిన మనిషి, ఇంట్లో మనిషిని అడగలేదు. ఆమె తిన్నందుకు ఆయనకు బాధ కలగలేదు. కట్టుకున్న భర్తకు చెప్పలేక అంత ఇష్టాన్ని ఇన్నేళ్ళు లోపల దాచుకుందే అని కలిగింది. ఆ బాధ చిన్నది కాదు. లేచి బుట్ట బోర్లించేశారు.

“పద రత్నం. రేపు ఏది ఇవ్వాలో నువ్వే ఏరు.”

గోడ వారన తవ్విన గడ్డలు వెనక వసారాలో గోనెసంచిలో పడి ఉన్నాయి. చిన్నవి, రంగు లేనివి, బిగదన్నుకుని ఉన్నవి. రత్నమాలగారు ఒకటి వలిచి కొరికారు, ఇంకోటి కొరికారు. మూడో రకానికి మొహం ఎర్రబడి, కళ్ళు చెమర్చి, “ఇదీ!” అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలో వెలుగు మూర్తిగారు చాలాకాలంగా చూడనిది. వెంటనే ఆమె గొంతు తగ్గించి, “రేపు అక్కడ నా సంగతి ఎత్తకండి. మీ పినతండ్రి కొడుకు ఉదయ్ భాస్కర్ కూడా వస్తాడు. చుట్టాల్లో పాకితే బాగుండదు” అన్నారు.

“ఎత్తను” అని మాట ఇచ్చారు మూర్తిగారు.

మర్నాడు పార్కులో ఆయన గొంతులో జంకు లేదు. “ఊదా తేలేదు. అది చప్పన. నా ఎంపికే తప్పు. మీ దగ్గర ఉంటే నాటకండి. ఇది నాటండి, గడ్డ చిన్నదే గానీ ఘాటు పెద్దది” అని అందరికీ చెప్పేశారు. తప్పు ఒప్పుకోవడం కూడా ఆయన దర్జాగానే చేస్తారు.

ఈ కార్యక్రమం నడిపే హరిత అనే సాఫ్ట్‌వేర్ అమ్మాయి నవ్వుతూ, “కిందటేడు అదీ సూపర్ అన్నారు కదా సార్! దీనికి గ్యారంటీ ఏంటి? మీరైతే తినరు” అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఉదయ్ భాస్కర్ కూడా అక్కడే నిలబడి నవ్వుతున్నాడు.

మూర్తిగారు భార్యకు ఇచ్చిన మాట తప్పలేరు. తిన్నానని అబద్ధమూ ఆడలేరు. ఆ బుట్ట ముందు ఆయన తడుముకోవడం అదే మొదటిసారి. జనంలో ఒకరిద్దరు అప్పటికే గడ్డలు తిరిగి బుట్టలో పెట్టేస్తున్నారు.

“నేను తిన్నానమ్మా. నిన్ననే పచ్చిది కొరికి చూశాను. కళ్ళ నీళ్ళు తిరిగాయి. ధైర్యంగా నాటుకోండి” అన్నారు రత్నమాలగారు వెనక నుంచి ముందుకు వచ్చి.

ఉదయ్ భాస్కర్ నవ్వు ఆగిపోయింది. “అదేంటి వదినా? మన ఇళ్ళల్లో వెల్లుల్లి తింటారా?”

రత్నమాలగారి మొహం పాలిపోయింది. మూర్తిగారు ఒక్క అడుగు జరిగి ఆమె పక్కన నిలబడ్డారు.

“ఇన్నాళ్ళూ బయట తిందిరా. ఇకనుంచి ఇంట్లోనే తింటుంది” అన్నారు, అందరికీ వినపడేలా.