అమ్మ పగలు నిద్రపోయిన హోటల్

మా చిన్నప్పుడు... అమ్మ పగటిపూట నిద్రపోగా నేను మొదటిసారి చూసిన రోజు బాగా గుర్తు. అదీ మా బోరబండ ఇంట్లో కాదు, హైటెక్ సిటీ దగ్గర ఒక పెద్ద హోటల్లో!

తొంభైల చివరి రోజులవి. బాపు సిటీ బస్సు కండక్టరు. ఒక గది, వంటిల్లు, ముందు చిన్న అరుగు... అందులో మేం ముగ్గురం, నానమ్మ. "పొద్దు ఉండంగ ఆడది పంటె ఇంట్ల లచ్చిమి నిలువది" అనేది నానమ్మ. తను కూడా ఏనాడూ పడుకునేది కాదు లెండి. పెళ్లయి వచ్చిన నాటి నుంచీ అమ్మ ఆ మాట జవదాటలేదు.

ఆ ఏడు అమ్మ గుండెలో వాల్వు పాడైందన్నారు. ఆపరేషన్ చెయ్యాలి, అందాకా ఒంటికి బాగా రెస్టు ఇవ్వాలి, లేకపోతే ప్రాణానికే ముప్పు అని దవాఖానలో గట్టిగా చెప్పారు.

రెస్టా! కబురు తెలియగానే చుట్టాలు, బస్తీవాళ్లు పరామర్శకు రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్లకు చాయ్ ఎవరు పెట్టాలి? అమ్మే. "నువ్వు లేవకు పిల్లా, పండుకో" అంటూనే గ్లాసు అందుకునేవాళ్లు! తర్వాత ఆ గ్లాసులన్నీ అమ్మ ఆయాసపడుతూ కడిగేది. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది. చాయ్ పొయ్యకపోతే "రోగం వచ్చిందని మర్యాద మరిచింది" అంటారని అమ్మ భయం. నానమ్మ చేస్తానన్నా, పెద్దావిడతో పని చేయించడమా అని చేతిలోంచి గిన్నె లాక్కునేది.

ఆపరేషన్ దగ్గర పడ్డాక ఒక సాయంత్రం బాపు అన్నాడు... "రేపు మనం హోటల్‌కు పోతున్నం. ఎవ్వరికి చెప్పకుండ్రి."

కొత్తగా తెరిచిన హోటలు, పైగా వానాకాలం, సగం రేటుకే గదులు ఇస్తున్నారట. కలర్ టీవీ కోసం దాచిన డబ్బు తీశాడు. అది గదికి మాత్రమే సరిపోతుంది. తిండి మనదే! నానమ్మ ఏమంటుందోనని నాకు ఒకటే దడ. ఆమేమో పొద్దున్నే లేచి పులిహోర కలిపి, సర్వపిండి కాల్చి టిఫిన్ డబ్బా నింపింది. "ఇల్లు నేను చూస్త, పోండ్రి" అంది.

ఆ డబ్బాను బట్టల సంచిలో దాచి, ఏ తప్పూ చెయ్యకపోయినా దొంగల్లా లిఫ్టు ఎక్కాం...

గదిలో తెల్లటి దుప్పటి చూసి అమ్మ మంచం మీద కూర్చోలేదు, మాసిపోతుందని. కింద కార్పెట్ మీద చతికిలబడింది. కాసేపటికే లేచింది. బల్ల మీద తళతళలాడుతున్న గ్లాసులను మళ్లీ కడిగింది. కిటికీ అద్దాన్ని కొంగుతో తుడిచింది. అవతల రాళ్ల గుట్టలు, క్రేన్లు, దూరంగా గుండ్రటి అద్దాల బిల్డింగు... ఆమె అవేవీ చూడలేదు. "చీపురు ఏడ పెట్టిన్రు?" అంటూ మూలలు వెతుకుతోంది.

బాపు ఆమె చెయ్యి పట్టి ఆపాడు. "ఈడ చీపురు లేదే యాదమ్మా. పొయ్యి లేదు. నల్లా ఎప్పుడొస్తదన్న ఫికర్ లేదు. గందుకే తోల్కొచ్చిన. నీకు దండం పెడ్త, జర పండుకో."

అమ్మ తలుపు వైపు చూసింది. "ఎవరన్న వస్తె?"

తలుపు పిడికి ఒక అట్టముక్క వేలాడుతోంది. బాపు దాన్ని తీసి బయటి వైపు తగిలించి వచ్చాడు. "గిది తగిలిస్తె ఎవ్వరు తలుపు కొట్టరు."

"నిజంగనా? గసొంటిది మనింటికి ఒకటుంటె మంచిగుండు" అని అమ్మ నవ్వింది. ఎన్నాళ్లకు నవ్విందో!

కింద పేపరు పరుచుకుని పులిహోర తిన్నాం. తర్వాత అమ్మ దుప్పటి మీద తన పాత చీర పరిచి, మంచం అంచున ఒరిగింది. అంతే... నిద్రపోయింది.

కింద ఈతకొలను ఉందని నేను ఎన్ని కలలు కన్నానో! ఎవరికి కావాలి? టీవీ కూడా పెట్టలేదు. బాపూ నేనూ కార్పెట్ మీద కూర్చుని అమ్మనే చూస్తూ ఉండిపోయాం. ఆమె అంత కదలకుండా ఉండడం నాకు కొత్త. భయమేసి మధ్యమధ్య ముక్కు దగ్గర వేలు పెట్టి చూసొచ్చాను. బాపు ఆమె పగిలిన అరికాళ్లను చూస్తూ నిశ్శబ్దంగా ఏడ్చాడు. పొద్దుగూకేదాకా అమ్మ లేవలేదు.

మర్నాడు బయలుదేరే ముందు పక్క సర్ది, బాత్రూమ్ తుడిచి గానీ అమ్మ గడప దాటలేదు. "ఒకరి ఇంట్ల పండుకోని అట్లనే ఇడిసిపోతరా?" అంది. బాపు ఈసారి ఆపలేదు.

ఇంటికి రాగానే నానమ్మ అడిగిన మొదటి మాట... "పన్నవానె?" పడుకున్నావా అని!

అమ్మ తల దించుకుంది. "పన్న అత్తమ్మా... పొద్దుగూకేదాక."

నానమ్మ ఆమె చేతిలోని సంచి అందుకుంది. అమ్మ తల నిమిరి "మంచిగ చేసినవ్ బిడ్డా" అంది. ఆ రాత్రి నేను నానమ్మ పక్కన చేరి, తలుపుకు తగిలించే అట్టముక్క సంగతి పూసగుచ్చినట్టు చెప్పాను.

ఆపరేషన్ బాగా జరిగింది. అమ్మ ఇంటికి వచ్చింది. పరామర్శలూ మళ్లీ మొదలయ్యాయి... కానీ ఈసారి నానమ్మ తన నులకమంచాన్ని అరుగు మీద, గుమ్మానికి అడ్డంగా వేసుకుంది. మధ్యాహ్నం ఎవరొచ్చినా ఒకటే మాట. "నా కోడలు పన్నది. మల్ల రాపో."

పక్కింటామె ఊరుకోలేదు. "పగటిపూటనా? లచ్చిమి పోతది అంటివి గదనె అవ్వా?"

"లచ్చిమే పన్నది. లేపకు" అంది నానమ్మ.

ఇప్పుడు ఆ అరుగు లేదు. నానమ్మ లేదు, అమ్మ కూడా లేదు. హైటెక్ సిటీ దారి నిండా అలాంటి హోటళ్లే. ఆఫీసు పని మీద ఎప్పుడైనా అలాంటి గదిలో దిగితే తలుపుకు అట్టముక్క తగిలించుకుంటాను... నులకమంచం అడ్డం వేసుకుని కాపలా కాసే మనిషి మాత్రం ఎక్కడా కనబడదు.

మీ అమ్మ పగలు నిద్రపోగా మీరెప్పుడైనా చూశారా? ఆమె లేవకుండా గుమ్మంలో ఎవరు కూర్చున్నారు? చెప్పండి... వినాలనుంది.