హ్యాకర్ పుణ్యమా అని ఆగిన సినిమా

మా బస్సు డ్రైవర్ ఆ రోజు తాగలేదు. ముందు ఈ ముక్క రాసేస్తే మనసు కాస్త తేలికపడుతుందనుకున్నాను. పడలేదు. సరే, మిగతాది కూడా రాస్తాను.

2009లో మేడ్చల్ అవతల ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌చార్జిగా చేరాను. పేరుకే ఇన్‌చార్జి. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే నన్నే పిలిచేవారు, ప్రిన్సిపాల్ గారి ఫోన్‌లో పాటలు రాకపోయినా నన్నే పిలిచేవారు. నా ఇల్లు శామీర్‌పేటలో. రోజూ కాలేజీ బస్సులోనే రాకపోకలు. డ్రైవర్ కూడా మా ఊరివాడే, యాభై దాటినవాడు. పిల్లలూ స్టాఫూ అందరం ఆయన్ని చాచా అనేవాళ్లం. ఐదేళ్లు ఆయన పక్కనే, ఇంజన్ దగ్గరి సీటులో కూర్చుని ప్రయాణం చేశాను. నాకు నోరు ఊరుకోదు. చెరువు దాటేదాకా ఊరి సంగతులు, దాటాక కాలేజీ సంగతులు. ఆయన రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా "అచ్ఛా", "అట్లనా" అంటూ వినేవాడు.

2014 వానాకాలంలో ఒక పొద్దున, మేడ్చల్ ఇంకా కాస్త దూరం ఉందనగా, దిగుడులో బ్రేకులు పడలేదు. ఆయన పెడల్ మీద లేచి నిలబడ్డాడు. "సార్, పడ్తలేదు, పడ్తలేదు," అన్నాడు. ఎదురుగా స్కూటర్ మీద మొగుడూ పెళ్లాం, మధ్యలో పిల్ల. వాళ్లను తప్పించి బస్సును ఒక వెంచర్ ప్రహరీకి గుద్దించాడు. రెండో సంవత్సరం కుర్రాడొకడికి కుడికాలు మోకాలి కింద తీసేశారు.

సాయంత్రానికల్లా మా చైర్మన్ పేపరువాళ్లను పిలిచి "డ్రైవర్ తాగి నడిపిండు" అని చెప్పేశాడు. ఎవరు చూశారు? ఎవరు వాసన పట్టారు? అడిగిన నాథుడు లేడు. కేసు రాజీ అయిపోయింది, చాచా ఉద్యోగం పోయింది, ఆ మాట మాత్రం ఊళ్లో ఉండిపోయింది. జన్మలో చుక్క ముట్టని మనిషి. మసీదులో ఏళ్ల తరబడి ముందు వరసలో నిలబడ్డవాడు ఇప్పుడు చివరి వరసలో నిలబడి, నమాజు కాగానే అందరికంటే ముందు చెప్పులేసుకుని వెళ్లిపోతున్నాడని విన్నాను. ఒకసారి బస్టాండులో కనబడి, "నౌకరి పోతే పాయె సార్, కూలికన్న వోత. తాగుబోతన్న పేరుతోని మాత్రం సావద్దు నేను," అన్నాడు. నేను "అయ్యో చాచా" అన్నాను. అయ్యో అనడానికి ఏముంది, నాలుక ఉంటే చాలు.

పక్కన కూర్చున్నవాడివి నువ్వు చెప్పొచ్చుగా అంటారా? పోలీసులు నన్ను అడగలేదు. చైర్మన్ అడగలేదు. అడగనివాళ్ల ముందు సాక్ష్యం విప్పడం నాకు చాతకాదు. ఎవరైనా మొహం మీద అడిగితే చెప్పేవాణ్ణేనని మాత్రం నన్ను నేను నమ్మించుకున్నాను, రోజూ, అన్నం తిన్నంత క్రమం తప్పకుండా.

ఇంతలో మూడో సంవత్సరం చదివే ఒక అమ్మాయి సినిమా తీసింది. పద్దెనిమిది నిమిషాలు. అందులో కాలు పోయిన కుర్రాడు మాట్లాడాడు, చాచా మాట్లాడాడు. అన్నిటికంటే ముఖ్యంగా మేడ్చల్‌లో మా బస్సులు బాగుచేసే మెకానిక్ మాట్లాడాడు. "బ్రేకు లైనర్లు అరిగినయని రెండుసార్లు జెప్పిన. సెలవులల్ల జూద్దాం తీయ్ అన్నరు కాలేజోళ్లు." ఆ ఒక్క మాట చాలు చాచాకు. అమ్మాయి నన్ను కూడా మాట్లాడమంది. ల్యాబ్‌లో ఎడిటింగుకు మంచి కంప్యూటర్ ఇస్తాను, అది చాలదా తల్లీ అన్నాను. పాపం, థాంక్స్ చెప్పింది.

డిసెంబరులో వార్షికోత్సవం. ఆహ్వానపత్రికలో "రోడ్డు భద్రతపై లఘుచిత్రం" అని అచ్చయిపోయాక గానీ ప్రిన్సిపాల్ ఆ సినిమా చూడలేదు. చూసి చెమటలు తుడుచుకున్నాడు. ఆపేద్దామంటే పిల్లలు అప్పటికే ఫేస్‌బుక్‌లో పెట్టేశారు: సినిమా వేయకపోతే వార్షికోత్సవానికి ఒక్కరం రాము అని. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చైర్మన్‌కూ అదే ఇరకాటం.

అప్పుడొచ్చింది ఆ మెయిల్. కాలేజీ ఆఫీసు మెయిల్ నుంచే ప్రిన్సిపాల్‌కి వచ్చింది. అంతా పెద్దక్షరాల ఇంగ్లీషు, కింద పుర్రె బొమ్మ. మీ సర్వర్ మా చేతిలో ఉంది. సినిమా ఆపండి, కాపీలన్నీ చెరిపేయండి. లేకపోతే లేడీస్ హాస్టల్ అమ్మాయిల ఫోటోలూ ఫోన్ నంబర్లూ నెట్‌లో పెడతాం. ప్రిన్సిపాల్ దాన్ని ప్రింటు తీసి నా చేతిలో పెట్టి, "అర్జంటుగా వీడెవడో కనుక్కోవయ్యా," అని నన్ను తోలాడు.

కనుక్కోవడానికి పావుగంట పట్టింది. ఆఫీసు మెయిల్ పాస్‌వర్డ్ ప్రిన్సిపాల్ గారికి ఎన్నిసార్లు చెప్పినా గుర్తుండదు. విసుగెత్తి ఒక చీటీ మీద రాసి సర్వర్‌కు సెల్లోటేపుతో అంటించాను. గదికి తాళం ఉంది కదా అని ధీమా. దసరాకు ఆయుధపూజ చేశాం. లేత్ మెషీన్లకు చేసి, బస్సులకు చేసి, సర్వర్‌కు చేయకపోతే ఎట్లా? తాళం తీసి, చెప్పులు బయట విడిచి, దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, గడప దగ్గర కొబ్బరికాయ కొట్టాం. పిల్లలంతా గదిలోకి వచ్చి ప్రసాదం తిని, దాని పక్కన నిలబడి ఫోటోలు దిగి ఫేస్‌బుక్‌లో పెట్టుకున్నారు. ఒక ఫోటోలో దండ పక్కకు జరిగింది. కుంకుమ బొట్టు కింద నా చీటీ, నా గుండ్రటి అక్షరాలు, శుభ్రంగా చదవొచ్చు. కింద అందరూ లైకులు కొట్టారు, నేనూ కొట్టాను.

హ్యాకరూ లేడు, నా పిండాకూడూ లేదు. కళ్లున్న ప్రతివాడూ హ్యాకరే.

మెయిల్ పంపిన కంప్యూటర్ మా ల్యాబ్‌లోదే. ఆ గంటలో దాని ముందు కూర్చున్నది ఫైనలియర్ కుర్రాడొకడు. సినిమాకు చోటివ్వడం కోసం వాడి డ్యాన్సు గ్రూపు టైమును సగానికి కోశారు. ఆ కడుపుమంట. అసలు హాస్టల్ అమ్మాయిల ఫోటోలు సర్వర్‌లో లేనే లేవు. అట్ట ఫైళ్లలో దరఖాస్తులకు జిగురుతో అంటించి, వార్డెన్ బీరువాలో భద్రంగా ఉన్నాయి. వాడు నెట్‌లో పెట్టాలంటే ముందు వార్డెన్ కొంగుకున్న తాళం చెవి కొట్టేయాలి.

ఒక్క మాట చెబితే సినిమా ఆడేది. ఆ మాట చెబితే చీటీ ఎవరంటించారని అడుగుతారు. అప్పుడు చాచా వెనకే నేనూ గేటు బయట నిలబడాలి. నా పేరు ఎవడూ అడక్కుండా ఆ చీటీ పీకి నోట్లో వేసుకుని నమిలాను. నిజంగానే నమిలాను. పసుపు రుచి తగిలింది.

మీటింగులో చైర్మన్, ప్రిన్సిపాల్, నేను, ఆ అమ్మాయి. ప్రిన్సిపాల్ పేపరు పట్టుకొచ్చాడు. అమెరికాలో ఏదో పెద్ద సినిమా కంపెనీ కూడా హ్యాకర్ల బెదిరింపుకు జడిసి సినిమా ఆపేసిందట. "చూశారా సార్, వాళ్లే వెనక్కి తగ్గారు," అన్నాడు, వాళ్లింటి పెళ్లికబురు చెబుతున్నంత సంబరంగా.

"గంత పెద్దోళ్లే తోక ముడిస్తే మనమెంత?" అన్నాడు చైర్మన్. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే.

అమ్మాయి మాత్రం లొంగలేదు. "ఈరోజు ఒక మెయిల్‌కి భయపడితే రేపు ప్రతిదానికీ మెయిల్ వస్తది సార్. సర్వర్ వైరు పీకేద్దాం. పోలీసులకు చెప్దాం. సినిమా వేద్దాం." పిల్లకు ఇరవై ఏళ్లు. ఆ గదిలో బుర్ర ఉన్న మనిషి ఆమె ఒక్కతే.

చైర్మన్ నా వైపు తిరిగాడు. "నువ్వు జెప్పవయ్యా, కంప్యూటరోనివి. వాడు అన్నంత పని జేస్తడా?"

"చేస్తాడు సార్," అన్నాను. "మామూలోడు కాదు. విదేశాల నుంచి చేస్తున్నాడు. మన సర్వర్ మొత్తం వాడి చేతిలో ఉంది."

"మీకెట్ల తెలుసు సార్?" అంది అమ్మాయి. ఆమె నన్ను అనుమానించి అడగలేదు, నేర్చుకుందామని అడిగింది. అలా అడిగేసరికి నాకు ఒళ్లు మండింది.

"రేపు నీ హాస్టల్ పిల్లల ఫోటోలు బజార్న పడితే, వాళ్ల నాయినలు వచ్చి అడిగితే నువ్వు జవాబు చెప్తావా? నీ సినిమా పిచ్చికి ఎంతమంది బతుకులు ఆగం కావాలె?" అన్నాను. బాగా గట్టిగానే అన్నాను. ఆమె తల దించుకుంది. కళ్లలో నీళ్లు చూసి, పని అయిందనుకున్నాను.

తరవాత చాన్నాళ్లు పేపర్లలో పెద్దపెద్దవాళ్లు రాశారు, బెదిరిస్తే సినిమాలు ఆపొచ్చా, ఆపకూడదా, భావస్వేచ్ఛ ఏం కావాలి అని. చదువుతుంటే నాకు చిరాకేసేది. వాళ్లంతా బెదిరించినవాడి గురించే రాశారు. లొంగినవాడు ఎంత హాయిగా ఊపిరి పీల్చుకున్నాడో ఒక్కడూ రాయలేదు. మా మీటింగులో బెదిరింపు విని భయపడ్డవాళ్లను నేను చూడలేదు. చైర్మన్ ఆ పూట అందరికీ టీతో పాటు ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాడు.

అమ్మాయి ల్యాబ్‌కు పరుగెత్తుకొచ్చేసరికి అంతా చెరిపేశాను. సినిమాతో పాటు దానికోసం తీసిన ముక్కలన్నీ. అవి మా ల్యాబ్‌లో తప్ప ఇంకెక్కడా లేవు. చెరిపినవి మళ్లీ తెచ్చే దారి కూడా మూసేశాను. ఆ పని నాకు బాగా వచ్చు. "కనీసం మెకానిక్ మాట్లాడింది అన్నా ఉంచాల్సింది సార్," అంది. ఆమె మళ్లీ మేడ్చల్ పోయి అడిగితే ఆ మెకానిక్, "నేనేం జెప్పలే, నాకేం ఎరికలేదు," అన్నాడట. మా బస్సులు ఇంకా అతని దగ్గరికే పోతాయి మరి.

సినిమా ఆగిందని చాచాకు ఎవరూ చెప్పలేదు. వార్షికోత్సవం రోజు సాయంత్రం నాలుగింటికే వచ్చేశాడు. ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ. వెంట భార్య, మసీదు పెద్దమనుషులు ఇద్దరు. వాళ్లను వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టి, కుర్చీలు తన రుమాలుతో తనే తుడిచాడు. సినిమా వేయాల్సిన టైముకు పాట మొదలైంది. ఆ ఫైనలియర్ కుర్రాడి గ్రూపు నల్లకళ్లద్దాలు పెట్టుకుని పూర్తి టైము ఎగిరింది. చైర్మన్ ముందు వరసలో చప్పట్లు కొట్టాడు. చాచా తెర ఎప్పుడు దించుతారా అని స్టేజీ పైకప్పు వైపే చూస్తున్నాడు. నేను సౌండ్ బాక్సు వెనకాల నిలబడి ఆయన్నే చూస్తున్నాను.

వందన సమర్పణ అయిపోయింది. జనం లేచారు. పెద్దమనుషుల్లో ఒకాయన గడ్డం దువ్వుకుంటూ, "క్యా మియా, కహాఁ హై పిక్చర్?" అన్నాడు. సినిమా ఏదని నవ్వుతూనే అడిగాడు. చాచా మొహం మాడిపోయింది. అంతలో నేను కనబడ్డాను.

జల్దీ జల్దీ వచ్చి నా చెయ్యి పట్టుకుని వాళ్ల ముందుకు లాక్కెళ్లాడు. "పిక్చర్ లేకుంటే లేకపాయె," అన్నాడు వాళ్లతో. "గీ సార్ ఆ దినం నా పక్కపొంటే కూసున్నడు. సార్, నాకింకేం ఒద్దు. గీళ్లకు ఒక్క మాట జెప్పుండ్రి. నేను తాగిన్నా?"

మొహం మీద అడిగేశాడు. పది అడుగుల అవతల చైర్మన్ ముఖ్య అతిథిని కారెక్కిస్తున్నాడు. మా వైపు చూశాడో లేదో నాకు తెలియదు. చూసినట్టే నాకు అనిపించింది.

"నేను నిద్రల ఉన్న చాచా," అన్నాను. "నాకేం ఎరికలేదు."

ఆయన చెయ్యి నా చేతిమీద అలాగే ఉంది. నేను ఆ సీటులో ఐదేళ్లలో ఒక్కనాడూ కన్ను మూసినవాణ్ణి కాను. ఆయనకు తెలుసు. నాకు తెలుసని కూడా ఆయనకు తెలుసు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండును, నలుగురిలో తిరిగి అరిచేవాణ్ణి, ఆ అరుపుల్లో అంతా కలిసిపోయేది.

చాచా నా చెయ్యి వదిలేసి పెద్దమనుషుల వైపు తిరిగాడు. "అవు," అన్నాడు మెల్లగా. "సార్ నిద్రల ఉండె. నేనే యాది మర్సిన."

ముందుగా పెద్దమనుషులు కదిలారు. చాచా భార్య ఆయన మొహంలోకి చూసి, వాళ్ల వెనక నడిచింది. చాచా పోతూ పోతూ నాకు సలాం చేశాడు. నేను తిరిగి చేశాను కూడా.