గీత నిండింది, వీడియో చేరలేదు

మాది కిరండూల్. ఉద్యోగంలో చేరిన కొత్తలో దోర్నపాల్‌లోని ఒక చిన్న ఆసుపత్రికి వెళ్లాను. స్కానింగ్ వీడియోలను భద్రాచలంలోని డాక్టరుకు పంపేందుకు నేను పైథాన్‌లో రాసిన వెబ్ అప్లికేషన్ అక్కడ పెట్టాలి. ఆ మధ్యాహ్నం కుండపోత వాన. ఊరికి రెండు వైపులా వాగులు పొంగి జీపులు ఆగిపోయాయి.

అప్పుడే సమ్మక్క అనే ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందేమోనని నర్సు భయపడింది. నేను స్కానింగ్ వీడియో పంపాను. తెరమీద వీడియో ఎంత వెళ్లిందో చూపే పచ్చగీత క్షణంలో నిండింది. “పోయిందన్నా,” అని ఆమె భర్త ముత్తయ్యకు చెప్పాను.

కాసేపటికి, వీడియో కోసం చూస్తున్న డాక్టరు ఫోన్ చేశారు. “నాకేమీ రాలేదమ్మా!”

వెతికితే తెలిసింది, వీడియో ఆసుపత్రిలోనే ఉన్న సర్వర్‌కు చేరగానే గీత నిండిపోతోంది. అక్కడి నుంచి భద్రాచలానికి వెళ్లేది మాత్రం సిగ్నల్ పోయినప్పుడల్లా మళ్లీ మొదటికొస్తోంది. లోపల సమ్మక్క అరుపులు, గుమ్మంలో ముత్తయ్య, బయట వాగులు. ఎటూ కదల్లేక అక్కడే కూర్చుని కోడ్ మార్చాను. వీడియోను ముక్కలుగా పంపి, అవతల అందిన ముక్కనే లెక్కించేలా చేశాను.

ఈసారి గీత మొదట్లోనే ఆగింది.

“ఏంది మేడం, ఇందాక నిండిందన్నరు గదా?”

“అది తప్పన్నా. ఇదే నిజం.”

అతను నా పక్కన నేలమీద కూర్చున్నాడు. గీత మెల్లగా పాకింది. నిండాక కూడా ఇద్దరం నమ్మలేదు. ఫోన్ వైపే చూశాం.

అది మోగింది. “వచ్చిందమ్మా. తల కిందికే ఉంది, భయం లేదు. నర్సుకివ్వు.”

చీకటి పడకముందే ఆడపిల్ల పుట్టింది. అవతలివాళ్లకు అందిందని తెలియకుండా ఏ గీతనూ నిండనివ్వకూడదని ఆ రోజే నేర్చుకున్నాను.