కుట్లు లేని ఆపరేషన్

ఆవిడ పని కట్టుడుపళ్ళు చేయడం. అచ్చు మీద మైనంతో చిగుళ్ళు దిద్ది, ఒక్కొక్క పన్నూ నిలబెడుతుంది. వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టేసే కళ్ళు. ఆ కళ్ళకు పదేళ్ళుగా మొగుడిలోని తేడా మాత్రం ఆనలేదు.

ఆయన పరుపుల దుకాణంలో సేల్స్‌మన్. కొనేవాళ్ళకు పడుకుని చూపించడం ఉద్యోగం. ఇంటికొచ్చాక అదే పని, జీతం లేకుండా.

రెండో కాన్పులో ఆవిడ చావు తప్పి బయటపడింది. మళ్ళీ కడుపొస్తే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ చెప్పింది. "ఆపరేషన్ నేను చేయించుకుంటాలేవే," అన్నాడాయన, రాజ్యం రాసిచ్చినంత దర్జాగా.

అక్కను వెంటబెట్టుకుని పొద్దున వెళ్ళాడు. మధ్యాహ్నానికల్లా ఆమె భుజం పట్టుకుని కాళ్ళు ఎడంగా వేస్తూ వచ్చాడు. ఎనిమిది రోజులు మంచం దిగలేదు. "దిండు ఎత్తు చెయ్యవే. పిల్లల్ని అరవొద్దను, కుట్లు లాగుతున్నాయి." కన్న అయిదో రోజే ఆయన చొక్కాలు ఉతికిన మనిషి, సెలవు పెట్టి మరీ పళ్ళెం మంచం దగ్గరికి అందించింది.

ఆపరేషన్ ఫలించిందో లేదో చూడటానికి మూడు నెలలకు ఒక పరీక్ష ఉంటుందని, అందాకా జాగ్రత్తగా ఉండాలని ఆవిడకు తెలుసు. తేదీ కోసం పని దగ్గర్నుంచే ఆస్పత్రికి ఫోన్ చేసింది.

"ఆ రోజు మీవారు రానేలేదమ్మా," అంది నర్సు.

ఇంటికొచ్చేసరికి అక్కాతమ్ముళ్ళు భోజనం చేస్తున్నారు. ఆవిడ సంగతి చెప్పింది. ఆయన ముద్ద నోటి దగ్గరే ఆగింది.

"నేనే వద్దన్నాను," అంది ఆడపడుచు. "మగపిల్లాడు లేకుండా ఎలా?"

"నేను పోతే, వదినా?"

"అందరూ కనడం లేదూ?"

ఆవిడ మొగుడి వైపు తిరిగింది. "లాగుతున్నాయన్నావే, ఏ కుట్లు?" పదేళ్ళ 'మీరు' ఆ పూటతో ఊడిపోయింది.

"భయమేసిందే," అన్నాడు కంచంలోకి చూస్తూ. "తర్వాత... నిజంగానే లాగినట్టు అనిపించింది."

ఆవిడకు కోపం కూడా రాలేదు. కోప్పడటానికి ఎదురుగా ఒక మనిషంటూ ఉండాలి కదా. చెయ్యి కడుక్కోగానే ఆడపడుచు సంచీ తెచ్చి ఆమె చేతికిచ్చింది. ఆయన పక్క ముందుగదిలోకి మారింది.

రెండు వారాలు చూసి, "తేదీ తీసుకున్నాను," అన్నాడు.

"నాకెందుకు చెప్పడం?"

ఈసారి ఒక్కడే వెళ్ళాడు. బస్సులో తిరిగొచ్చి, తన మంచినీళ్ళు తనే ముంచుకున్నాడు. మర్నాడు దుకాణానికి కూడా వెళ్ళాడు.

ఇప్పుడు చుట్టాలెవరొచ్చినా బీరువాలోంచి ఆస్పత్రి కాగితం తీస్తాడు. "నా భార్య కోసం..." అని గొంతు సవరించుకుంటాడు. ఆ మాట పూర్తయ్యేలోపే ఆవిడ లేచి చెప్పులు వేసుకుంటుంది.