అక్కకు చూపిన చెలమ

నా చిన్నప్పుడు, పదేళ్ళ వయసులో, కాలేజీ చదివే ఒక అమ్మాయికి నేను పంతులమ్మనయ్యాను. వేసవి సెలవులు ఉన్నంతకాలమే ఆ ఉద్యోగం. జీతం రోజుకో బెల్లం ముక్క.

ఆమె మా ఊరి పెద్ద రైతు కూతురు. కర్నూలులో చదువుతుండేది. అసలు చదువు అర్థశాస్త్రమట. దానికి తోడుగా ఇంకో చిన్న సబ్జెక్టు తీసుకుందట. లోకంలో బీద దేశాలు ఎందుకు బీదగా ఉన్నాయి, ఎట్లా బాగుపడతాయి అన్నది అందులో చెప్తారట. ఏదైనా ఒక ఊరిని చూసి వ్యాసం రాసివ్వాలి కాబట్టి మా వాడకు వచ్చింది. మాది కమలాపురం దాటాక ఏటి ఒడ్డున, చర్చి చుట్టూ ఉన్న కూలివాళ్ళ వాడ. పెద్దింటివాళ్ళు మా గడప దాకా రావడమే వింత. అట్లాంటిది ఆమె మా అరుగు మీద కూర్చుని, మా చెంబుతో నీళ్ళు తాగి, తనను అక్కా అని పిలవమంది. ఆ ఒక్క మాటకు నేను పడిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఆమె ఎక్కువగా అడిగింది నీళ్ళ గురించే. ఊరి బావిని మమ్మల్ని ముట్టనిచ్చేవాళ్ళు కాదు. ఎండాకాలం ఏరంతా ఇసుకే. ఆ ఇసుకలో గుంట తీస్తే ఊరే నీళ్ళే మాకు ఆధారం. ఆ గుంటనే చెలమ అంటాం. టెంకాయ చిప్పతో తోడి, మళ్ళీ ఊరేదాకా కూర్చుని, మళ్ళీ తోడాలి. ఎక్కడ పడితే అక్కడ తవ్వితే రావు. మా అవ్వ ఎండెక్కక ముందే వట్టి కాళ్ళతో ఇసుక మీద మెల్లగా నడిచి, అరికాలికి వేరే చల్లదనం తగిలిన చోట ఆగేది. ఆమె అట్లా కనిపెట్టిన చెలమ ఒకటి నల్ల బండ వెనక ఉండేది. ఎంత కరువులోనూ అది ఎండలేదు. వాడ ఆడవాళ్ళు వంతులు వేసుకుని తోడుకుని, పైన కంప కప్పి వచ్చేవాళ్ళు. ఊరివాళ్ళకు ఆ చోటు తెలియదు.

"యారికీ చూపియ్యొద్దు పాపా. మన పానాలు ఈడనే ఉండాయి" అని అవ్వ నాకు మరీ మరీ చెప్పింది.

ఆ చోటు చూపించమని అక్క అడిగినప్పుడు అవ్వ వద్దన్న సంగతే చెప్పాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టింది. "నీ మీద ఒట్టు. నా పుస్తకం దాటి పోదు. మా సార్లు చదువుతారు, అంతే. మీ వాడకు బావి రావాలంటే యారో ఒకరు రాయాల కదా?"

చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను. బండ నుంచి ఎన్ని అడుగులో కొలిచి, బొమ్మ గీసుకుంది. అరికాలితో ఎట్లా చూడాలో కూడా నేర్పాను. చెప్పులకు అలవాటైన కాళ్ళు, ఆమెకు రాలేదు. ఇద్దరం నవ్వుకున్నాం.

మరుసటి ఏడు వాళ్ళ నాయన ఆ వ్యాసం పట్టుకుని బ్లాకు ఆఫీసుకు పోయాడు. కూతురు రాసిన మా కష్టాలు చూపించి, మా వాడ పేరున బావి మంజూరు చేయించాడు. దాన్ని తవ్వించింది మాత్రం నల్ల బండకు ఎదురుగా, గట్టు మీదున్న తన చేనులో. ఆఫీసర్లు వచ్చారు, టెంకాయ కొట్టారు, మా చేత చప్పట్లు కొట్టించారు. నేను అందరికంటే గట్టిగా కొట్టాను. వాళ్ళు పోయిన వారానికి చుట్టూ కంచె లేచింది. ఆయిలింజను వచ్చింది. నీళ్ళన్నీ ఆయన చీనీ తోటకు, అంటే బత్తాయి తోటకు, పారాయి. కంచె బయట మాకో తొట్టి కట్టించి, ఇంజను ఆడినప్పుడు పట్టుకోమన్నారు.

ఆ ఎండాకాలం చెలమ అడుగంటింది. అవ్వ మోచేతి దాకా తవ్వింది, భుజం దాకా తవ్వింది. పొడి ఇసుకే వచ్చింది.

సెలవులకు అక్క రాగానే పరుగెత్తాను. వాళ్ళ వాకిట్లో నిలబడి అడిగాను. ఆమె నా కళ్ళలోకి చూడలేదు. "నేను మీ మంచికే రాసినా పాపా. నాయన అడిగితే ఇయ్యకుండా ఎట్లుంటా?" అంది. ఆ వ్యాసానికి కాలేజీలో బహుమతి వచ్చిందట. లోపలికి పోయి బెల్లం తెచ్చింది. తీసుకోలేదు. అక్కా అని పిలవకుండానే తిరిగి వచ్చేశాను. నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో పదకొండేళ్ళకే నాకు తెలిసింది.

చూపించింది నేనేనని అవ్వ దగ్గర ఏడ్చాను. కొట్టలేదు, తిట్టలేదు. రెండు రోజుల తర్వాత కొత్త చోటు వెతకడానికి నన్ను వెంట తీసుకుపోయింది. చాలా దూరం నడిచాక ఆగి, నన్ను గట్టు వైపు తిప్పింది.

"ఆ పక్కకు తిరుక్కోని నిలబడు. నేను పిలిచేదాకా చూడొద్దు."

అక్క చేసిన మోసం కంటే అది ఎక్కువ నొప్పి పెట్టింది. అవ్వ బతికినన్నాళ్ళూ చెలమ దగ్గర నేను అట్లాగే నిలబడ్డాను.

తర్వాత నేనూ హాస్టల్లో ఉండి కర్నూలులో చదివాను. అక్క తీసుకున్న సబ్జెక్టే పట్టుబట్టి తీసుకున్నాను, అందులో ఏముందో చూద్దామని. మా సారు ఎవరి ఊరి నీళ్ళ పటం వాళ్ళను గీయమన్నారు. ఏరు గీశాను. నల్ల బండ, బావి, కంచె, తొట్టి అన్నీ గీశాను. అవ్వ రెండో చోటు నాకు తెలుసు. వీపు తిప్పి నిలబడితే మాత్రం, ఇసుకలో చిప్ప దిగే చప్పుడు ఎటునుంచి వస్తోందో వినపడదా? తెలుసని అవ్వకు కూడా చెప్పలేదు. పటంలో అక్కడ ఖాళీ వదిలేశాను. పూర్తి కాలేదని సారు మార్కులు కోశారు.

అవ్వ వయసు నేను ఎప్పుడో దాటాను. ఆ చోటు ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. ఈ కాగితం మీద కూడా రాయను.