పద్నాలుగో నంబరు చేప

1984 అక్టోబరు 6, శనివారం, ఉదయం పది గంటల ఐదు నిమిషాలకు మా పడవ శాన్ డియేగో రేవు నుంచి కదిలింది. ఎనిమిది రోజుల ప్రయాణం. ప్రయాణికులు ఇరవై ఇద్దరు, కెప్టెన్‌తో కలిపి పనివాళ్ళం ఆరుగురం. అప్పటికి నేను పడవల మీద వంట మొదలుపెట్టి ఐదేళ్ళ నాలుగు నెలలు. అందులో ఐదేళ్ళూ పొద్దున వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చే పడవల మీదే గడిచాయి. రోజుల తరబడి సముద్రం మీద ఉండే పడవ ఎక్కడం అది మూడోసారి. జరిగిన పొరపాటుకు ఇది సాకు కాదు. లెక్క కోసం చెబుతున్నాను.

మాది కాకినాడ. మా ఆయనకు ఇక్కడి షిప్‌యార్డులో వెల్డింగ్ తనిఖీ చేసే ఉద్యోగం. నాకు దొరికింది గ్యాలీలో పని. గ్యాలీ అంటే పడవలోని వంటగది. తొమ్మిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. పడవ ఊగినప్పుడు గిన్నెలు జారకుండా పొయ్యి చుట్టూ ఇనుప కడ్డీలు ఉంటాయి. నాకు ముందు చేసిన ఇద్దరూ చేపల వాసన పడక మానేశారట. నాకు అది పుట్టింటి వాసన.

ఈ ప్రయాణికులు వచ్చేది యెల్లోటెయిల్ కోసం. నీలి వీపు, పసుపు తోక, పక్కన పసుపు చార ఉన్న బలిష్ఠమైన చేప. గాలానికి తగిలిందంటే నేరుగా అడుగున ఉన్న రాళ్ళలోకి దూరి లైన్, అంటే గాలపు దారం, తెంపేస్తుంది. ఇరవై పౌండ్లది వస్తే అందరూ మెచ్చుకుంటారు. నలభై దాటితే రేవులోని చెక్క బోర్డు మీద పేరు రాస్తారు. బోర్డు మీదకు ఎక్కాలంటే చేపను రేవులో ఉన్న కాటా మీదే తూచాలి. ఊగే పడవ మీద తూకం చెల్లదు.

మొదటిరోజు మధ్యాహ్నం భోజనాలు వడ్డిస్తుంటే వెనక బల్ల దగ్గర నుంచి తెలుగు మాట వినపడింది.

"ఒరేయ్, ఈ సూప్‌లో ఉప్పు లేదురా."

"ఉప్పు మీ ఎడంచేతి పక్కనే ఉందండీ" అన్నాను.

ఇద్దరూ చెంచాలు గాల్లోనే ఆపి నన్ను చూశారు. పెద్దాయన సుందరరావు, నలభై నాలుగేళ్ళు, నేపర్‌విల్‌లో ఇంజనీరు. రెండో అతను విజయ్, ముప్ఫై ఎనిమిది, పక్కనే అరోరాలో ఉంటాడు, ఆసుపత్రి లాబ్‌లో పని. సుందరరావు భార్యకు స్వయానా తమ్ముడు. షికాగో నుంచి ఫ్లైట్ ఎక్కి ఏటా ఈ పడవకు వస్తున్నారట. రెండేళ్ళ క్రితం సుందరరావు నలభై ఒక్క పౌండ్ల చేప పట్టి బోర్డు ఎక్కాడు. ఆ ఫొటో పర్సులో ఉంది. పది నిమిషాల్లో నాకూ చూపించాడు.

"మావాడు చేపలు పట్టడు అక్కా. చేపలకి భోజనం పెడతాడు. బైట్ తిని థాంక్స్ చెప్పి వెళ్ళిపోతాయి" అన్నాడు.

"నీ చేపకి అప్పటికే వయసైపోయింది బావా. చావడానికి చోటు వెతుక్కుంటూ వచ్చింది" అన్నాడు విజయ్.

తర్వాత కాఫీ కోసం ఒక్కడే వచ్చినప్పుడు మాత్రం నవ్వుతూనే అసలు సంగతి చెప్పాడు. "ఎవరింటికి డిన్నర్‌కి వెళ్ళినా ఆ ఫొటో బయటకు వస్తుందక్కా. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. ఫోన్ చేస్తే హలో కూడా అనదు. డాడీ, బోర్డు మీదకి ఎక్కావా అంటుంది. ఇది నా మూడో ట్రిప్పు. ఈసారి ఎక్కకుండా ఇంటికి వెళ్ళను."

ఎనిమిదో తారీకు సోమవారం తెల్లవారేసరికి మెక్సికో నీళ్ళలోని సెడ్రోస్ దీవి పక్కన లంగరు వేశాం. ప్రతి ప్రయాణికుడికీ ఒక నంబరు ఉంటుంది. చేప పైకి రాగానే దాని చెంప మీద ఆ నంబరు ట్యాగ్ గుచ్చుతారు. విజయ్‌ది పద్నాలుగు. మూడు రోజుల్లో అతను పట్టినవి పదకొండు. పెద్దది ఇరవై ఆరు పౌండ్లు.

గురువారం, పదకొండో తారీకు, పదకొండు ఇరవైకి పెద్ద కేక వినపడి నేను గ్యాలీ కిటికీలోంచి చూశాను. ముగ్గురు మనుషులు ఒక చేపను రెయిలింగ్ మీదుగా లాగుతున్నారు. కెప్టెన్ డేల్ బరువు అంచనా కోసం టేపు పెట్టి పొడవూ చుట్టుకొలతా తీశాడు.

"నలభై మూడు. ఒక పౌండు అటూ ఇటూ" అన్నాడు.

విజయ్ రాడ్ పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. సుందరరావు చేప చుట్టూ రెండుసార్లు తిరిగి, "టేపు పాతదై సాగిపోయి ఉంటుంది" అన్నాడు. చేపను తడి గోనెపట్టాలో చుట్టి నీడలో పెట్టారు. అంతలో చేపలు గుంపుగా పడటం మొదలైంది. పనివాళ్ళకు దాన్ని కిందనున్న చల్లనీళ్ళ ట్యాంకులోకి దించే తీరిక లేకపోయింది.

ఒంటిగంటా ఐదు నిమిషాలకు నేను చెత్తబుట్ట ఖాళీ చేయడానికి డెక్ మీదకు వెళ్ళాను. నీడ జరిగిపోయింది. గోనెపట్టా ఎండింది. చేప తోక ఎండలో ఉంది. పెద్ద చేపను పేగులతో సహా ఎండలో వదిలేయడం మా ఇంట్లో మా అమ్మ క్షమించే తప్పు కాదు. అరగంటలో పొట్ట పాడవుతుంది, గంటలో కండ పాడవుతుంది. చుట్టూ చూశాను. అందరూ రెయిలింగ్ దగ్గర అరుపుల్లో ఉన్నారు. ట్యాగ్ చూశాను. పద్నాలుగు.

పరాయివాళ్ళ చేపయితే నేను ముట్టుకునేదాన్ని కాదు. ఎవరినో పిలిచి చెప్పి నా పొయ్యి దగ్గరకు వెళ్ళేదాన్ని. మనవాళ్ళది కదా, అందరికన్నా ముందు, అందరికన్నా బాగా చేద్దామనుకున్నాను. ఎనిమిది నిమిషాల్లో మొప్పలు తీసి, పొట్ట కోసి, ఉప్పునీళ్ళతో మూడుసార్లు కడిగి, లోపల మంచు నింపి పెట్టాను. చాలా శుభ్రంగా వచ్చింది.

తూకం వేయాల్సిన చేపను కోయకూడదన్న నిబంధన డెక్ మీద, రాడ్‌లు నిలబెట్టే చోట అంటించి ఉంది. గ్యాలీ గోడ మీది కాగితాలన్నీ నాకు కంఠతా వచ్చు. డెక్ మీదవి ఒక్కటీ చదవలేదు.

ముందుగా చూసింది సుందరరావు. పకపకా నవ్వాడు. తర్వాత విజయ్ మొహం చూసి ఆపేశాడు. విజయ్ మంచు కనపడుతున్న పొట్ట దగ్గర వంగి, మూసి పెట్టే వీలుందేమో అన్నట్టు రెండు వైపులా దగ్గరకు నొక్కి చూశాడు.

నేను బకెట్టు తీసుకొచ్చాను. లంగరు వేసి ఉండగా చెత్త సముద్రంలో పారేస్తే సీ లయన్లనే సముద్ర జంతువులు చేరతాయని అన్నీ బకెట్టులోనే వేస్తాం. అందులోని పేగులూ మొప్పలూ గ్యాలీ కాటా మీద తూచాను. నాలుగు పౌండ్ల రెండు ఔన్సులు.

"ఇందులోంచి తీసినవన్నీ ఇక్కడే ఉన్నాయి కెప్టెన్. రెండూ కలిపి తూచండి" అన్నాను.

"రక్తం?"

"కడిగేశాను."

"ఎస్తర్, రక్తం ఉన్నా ఒప్పుకోరు. చేప ఒక్క ముక్కగా ఉండాలి."

"విజయ్, నాదే తప్పు. నిన్ను అడగకుండా కోశాను" అన్నాను.

అతను, "బాగా క్లీన్ చేశారక్కా" అన్నాడు. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

"సరే, లే" అన్నాడు సుందరరావు. "రేపు పదకొండింటిదాకా టైముంది. దీని అన్నగారు కిందే ఉంటాడు."

ఆ మధ్యాహ్నం నుంచి అతను తన రాడ్ పక్కన పెట్టేశాడు. గాలానికి చేప ఉండగా ఇంకొకరు రాడ్ ముట్టుకుంటే ఆ చేప లెక్కలోకి రాదు. కాబట్టి మిగతా పనులన్నీ చేశాడు. ఎర చేపలుండే బైట్ ట్యాంకులో చురుకైన మాకెరెల్‌ను ఏరి తేవడం, తెగిన గాలం స్థానంలో కొత్తది కట్టడం, పక్కవాళ్ళ లైన్లు చిక్కుపడకుండా కాపలా కాయడం. చీకటి పడేలోగా విజయ్‌కి రెండు పెద్ద చేపలు తగిలాయి. రెండూ రాళ్ళలోకి పోయాయి.

శుక్రవారం ఐదూ నలభై ఐదుకు విజయ్ రెయిలింగ్ దగ్గర ఉన్నాడు. ఎనిమిదైనా ఫలహారానికి రాలేదు. నేను చపాతీల్లో గుడ్డు పొరటు చుట్టి తీసుకెళ్ళాను. అతని రెండు చేతులూ రాడ్ మీదే ఉన్నాయి. సుందరరావు నా చేతిలో పళ్ళెం లాక్కున్నాడు.

"నోరు తెరు."

"బావా, అందరూ చూస్తున్నారు."

"రాడ్ ముట్టుకోకూడదన్నారు గానీ నోరు ముట్టుకోకూడదని ఎక్కడా రాయలేదు. తెరు."

మూడు చపాతీలు అలాగే తినిపించాడు. అవతల నిలబడ్డ టెక్సాస్ పెద్దమనిషి తన బ్రదర్-ఇన్-లా ఉప్పు కూడా అందివ్వడని చెప్పాడు.

తొమ్మిదింటికి ఇంకొకటి రాళ్ళలోకి పోయింది. పది ముప్ఫై ఎనిమిదికి మరొకటి తగిలింది. విజయ్ ఈసారి రీలు తిప్పడం ఆపి, వెనక్కి వాలి, బరువంతా వేసి నిలబడ్డాడు. లైన్ ఒక్క గజం కూడా వదలలేదు. చేప రాళ్ళవైపు మళ్ళలేకపోయింది. పడవ చుట్టూ ఒకటిన్నర ప్రదక్షిణ జరిగింది. సుందరరావు ముందు నడుస్తూ, "జరగండి, జరగండి" అని దారి చేశాడు. కెప్టెన్ పదకొండింటికి లంగరు ఎత్తాలి. ఆయన గడియారం చూసుకోలేదు. నేను చూశాను. గ్యాఫ్, అంటే పొడవాటి కర్రకు బిగించిన ఇనుప కొక్కెం, చేపకు తగిలేసరికి పదకొండు తొమ్మిది.

కెప్టెన్ టేపు పెట్టి, "నలభై. నలభై ఒకటి కావచ్చు" అన్నాడు.

నేను ఐదడుగుల దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

"అక్కా, చాకు ఎక్కడ?" అన్నాడు సుందరరావు.

"సొరుగులో."

"తాళం?"

"వేశాను."

విజయ్ ముందటి మధ్యాహ్నం తర్వాత మొదటిసారి నవ్వాడు.

ఆ చేప వెంటనే చల్లనీళ్ళ ట్యాంకులోకి వెళ్ళింది. ట్యాంకులో ఉన్నా చేప రోజుకు కొంత బరువు తగ్గుతుంది. ఆ సంగతి అందరికీ తెలుసు.

పద్నాలుగో తారీకు ఆదివారం ఉదయం ఏడూ ఇరవైకి రేవులో కాటాకు తగిలించారు. ముల్లు ఆగింది. ముప్ఫై తొమ్మిది పౌండ్ల పదకొండు ఔన్సులు. పౌండుకు పదహారు ఔన్సులు, అంటే నలభైకి ఐదు ఔన్సులు తక్కువ.

మొదట నోరు విప్పింది సుందరరావు. తూచే అతనితో పోట్లాటకు దిగాడు. ఈ కాటా ఎప్పుడు సరిచూశారు, గాలికి ఊగడం లేదా, ఇంకోసారి తూచండి అన్నాడు. ఇంకోసారి తూచారు. అంతే వచ్చింది. "మావాడికి అరగంట కారిన చెమటే ఐదు ఔన్సులు ఉంటుంది" అని ఇంగ్లీషులోనూ తెలుగులోనూ చెప్పాడు.

"ఊరుకో బావా" అని విజయ్ అతని భుజం పట్టి ఇవతలికి తెచ్చి, నా వైపు తిరిగాడు. "పోతే పోయాయి అక్కా. మా అక్కతో పెళ్ళయ్యాక బావ నా తరఫున పోట్లాడటం ఇదే మొదలు. అది తూచే కాటా ఉందేమో కనుక్కోండి."

నేను కోసిన చేపను కూడా, ఎవరూ అడగకపోయినా, తూయించాను. ముప్ఫై ఎనిమిది పౌండ్ల మూడు ఔన్సులు. బకెట్టులోవి కలిపితే నలభై రెండు పౌండ్ల ఐదు ఔన్సులు. రక్తం ఈ లెక్కలో లేదు.

ఆ తర్వాత ఇంకా ఆరేళ్ళు పడవల మీద వంట చేశాను. ఎక్కిన ప్రతి పడవ మీదా మొదటి గంటలో ప్రతి గోడ మీది కాగితమూ చదివాను. యజమానిని అడగకుండా ఎవరి చేపనూ ముట్టుకోలేదు. మనవాళ్ళదైతే రెండుసార్లు అడిగాను. మనవాళ్ళే కదా అనుకున్నప్పుడే మనిషి అడగడం మానేస్తాడని నాకు ఆ ట్రిప్పులో తెలిసింది.

నా నోటుపుస్తకంలో ఆ ట్రిప్పు పేజీ చివర, పద్నాలుగో నంబరు కింద, పోయినవి ఇలా రాసి ఉన్నాయి. గాలాలు ఏడు. సీసం గుండ్లు ఐదు. లైన్ సుమారు నూట ఎనభై గజాలు. రాళ్ళలోకి పోయిన పెద్ద చేపలు మూడు. ట్యాంకులో పోయిన బరువు తెలియదు. కాటా మీద తగ్గిన ఔన్సులు ఐదు. నా చేతిలో పోయిన చేప ఒకటి.