వేలు కదిలే సీను

ఆసుపత్రిలో మా మంచం పక్క పరదా అవతల ఎవరో కొరియా భాషలో ఏడుస్తున్నారు. జరిపి చూస్తే పక్క మంచం దర్జీ ఆవిడ. స్పృహ లేని భర్త చేతికి ఫోను ఆనించి, అతని కాళ్ళు ఒత్తుతూ సీరియల్ చూస్తోంది. అందులో కురిసే మంచు వెలుగు అతని దుప్పటి మీద పడుతోంది. ఆవిడకు ఆ భాష ఒక్క ముక్క రాదు. ఆ సీరియళ్ళలో కోలుకునే రోగికి ముందు వేలు కదులుతుందని మాత్రం తెలుసు. "నీ కొరియా హీరో లేచాడా అమ్మా?" అని నర్సు రోజూ వేళాకోళం ఆడుతుంది.

ఇక లాభం లేదు, రేపు వెంటిలేటర్ తీసేద్దామని డాక్టరు చెప్పి వెళ్ళిన కాసేపటికి ఆవిడ కేక పెట్టింది. "కదిలింది! వేలు కదిలింది!" నర్సు పరుగున వచ్చి, అతని అరచేతి కింద వణుకుతున్న ఫోను బయటికి లాగింది. ఎవరో ఫోన్ చేస్తున్నారు. ఆవిడ దాన్ని ఆపేసి, పక్క మంచం రోగికి తోడున్న నా చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడు ఫోను లేదు కదన్నయ్యా. మీరూ చూస్తూ ఉండండి. నేనొక్కదాన్నే చూశానంటే నమ్మరు."